పైన్ దుంగ మీది కొక్కులు (పుట్టగొడుగులు) కూరకి పనికొస్తాయా?

ప్రశ్న: వానల్లో ఒడిశా కొండల్లోని దారింగ్‌బాడి వెళ్లాం. పైన్ తోటలో పడున్న దుంగల మీద తెల్లటి కొక్కులు విసనకర్రల్లా గుత్తులుగా ఉన్నాయి. బజార్లో అమ్మే ముత్యపుచిప్ప (ఆయిస్టర్) రకంలాగే అనిపించాయి. కోసుకొచ్చి వండుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దండీ. చెదపుట్ట మీద లేచి, కాడ వేరులా సాగి లోపలి చెదల గూటిదాకా దిగే పుట్టకొక్కుని మన పెద్దవాళ్లు చూడగానే గుర్తుపడతారు. ఆ గుర్తు ఆ జాతికే చెల్లుతుంది. పైన్ తూర్పు కనుమల్లో పుట్టిన చెట్టు కాదు, తెచ్చి నాటినది. దాని దుంగ మీద మొలిచేవాటి దగ్గర అమ్మమ్మల అనుభవం అక్కరకు రాదు.

పైన్ జాతి కుళ్లు దుంగల మీద పెరిగే ప్లూరోసైబెల్లా పోరిజెన్స్ అనే తెల్ల కొక్కుని జపాన్‌లో ఏళ్ల తరబడి వండుకు తిన్నారు. 2004లో అదే తిని మెదడు దెబ్బతిని 17 మంది చనిపోయారు. జబ్బుపడినవాళ్లలో ఎక్కువమందికి అప్పటికే కిడ్నీ సమస్య ఉంది. ముత్యపుచిప్పకి కండ మందం, టోపీ తరచు బూడిద లేదా గోధుమ రంగు. జపాన్‌లో తిన్న కొక్కుకి కండ పల్చన, కాడ ఉండీ లేనట్టుంటుంది. అయితే లేత ముత్యపుచిప్ప కూడా తెల్లగా ఉండొచ్చు కాబట్టి ఈ తేడాని నమ్ముకుని కూర వండకండి.

కొక్కుని గుర్తుపట్టడానికి బీజరేణువుల (టోపీ కింది రేకుల నుంచి రాలే పొడి) అచ్చు తీసే పద్ధతి మంచిదే. టోపీ కోసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెలుపు సగం నలుపు కాగితం మీద పెట్టి, గ్లాసు బోర్లించి రాత్రంతా ఉంచాలి. తుప్పు రంగు పొడి రాలితే గలెరినా కావచ్చు. కుళ్లిన పైన్ కలప మీద వచ్చే ఈ చిన్న గోధుమరంగు కొక్కులో కాలేయాన్ని చంపే అమటాక్సిన్ ఉంటుంది. కానీ పైన చెప్పిన జపాన్ రకానికీ ముత్యపుచిప్పకీ కూడా అచ్చు తెల్లగానే పడుతుంది. అంటే తెల్ల అచ్చు పడిందని ధైర్యపడడానికి లేదు.

ప్రశ్న: కూరలో వేసిన వెండి చెంచా నల్లబడకపోతే, నత్తలు కొరికి ఉంటే మంచివే అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రెండూ అబద్ధం. అమటాక్సిన్‌కి వెండి నల్లబడదు. మనల్ని చంపే కొక్కుని నత్త తిని హాయిగా బతుకుతుంది. ఉడికించినా ఎండబెట్టినా ఆ విషం పోదు.

తిన్నాక రెండు గంటల్లోపే వాంతులైతే చాలాసార్లు కడుపు బాధతో సరిపోతుంది. ఆరు గంటలు దాటాక మొదలైతే ఎక్కువ భయపడాలి. మర్నాడు కాస్త తేరుకున్నట్టుంటుంది, ఆ వేళకి లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. ఎప్పుడు మొదలైనా ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మిగిలిన కొక్కుని, కూరని కూడా పట్టుకుని, తిన్నవాళ్లందరూ, బాగానే ఉన్నవాళ్లతో సహా, ఆస్పత్రికి వెళ్లండి. పచ్చి కొక్కుని కాగితంలో చుట్టాలి, పాలిథీన్‌లో అయితే చెమ్మగిల్లి గుర్తుపట్టలేకుండా పోతుంది.

ప్రశ్న: పైన్ దుంగలు తెచ్చి ఇంట్లో ముత్యపుచిప్ప పెంచొచ్చా?
– ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: పైన్‌లోని జిగురు దాని ఎదుగుదలకి అడ్డు. వరిగడ్డి మేలు. 3–5 సెంటీమీటర్ల ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టి, 70–80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచండి. వార్చి చల్లార్చాక పిడికిట్లో గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల ముత్యపుచిప్ప విత్తనం (స్పాన్) పొరలు పొరలుగా చల్లి, చిల్లులున్న కవర్లలో కూరి చీకటి గదిలో పెట్టండి. రెండుమూడు వారాలకి గడ్డంతా తెల్లబడుతుంది. ఆకుపచ్చ బూజు కనిపిస్తే సాధారణంగా నీళ్లకి వేడి చాలలేదని అర్థం, ఆ కవరు వెంటనే బయట పారేయండి. కాడలు సాగి టోపీలు చిన్నవైతే గదికి గాలి చాలడం లేదు, కిటికీ తీయండి.