అజేలియా పక్కన సిమెంటు బొమ్మ పెట్టేముందు

అట్లాంటా శివార్లలో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ఏప్రిల్‌లో వీధంతా విరగబూసిన అజేలియా పూలపొదలు చూసి ఆ వారమే నర్సరీకి పరిగెడతారు. రంగు ఎంచుకోవడానికి అది మంచి సమయమే. నాటడం మాత్రం అక్టోబరులో మేలు, ఎండలు ముదిరేలోపు వేళ్లు నిలదొక్కుకుంటాయి.

అజేలియాకి ఆమ్ల నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 6 లోపు. జార్జియా ఎర్రమట్టి మామూలుగా ఆమ్లమే. మొక్కని చంపేది ఎక్కువగా లోతు. దీని వేళ్లు పైపైనే పాకుతాయి. బంకమట్టిలో లోతుగా తవ్విన గొయ్యి బకెట్టులా నీళ్లు పట్టి వేళ్లని కుళ్లబెడుతుంది. గొయ్యి వెడల్పు కుండీకి రెండింతలు ఉండాలి. లోతు మాత్రం వేరుముద్ద నేలకి ఒకటి రెండు అంగుళాలు పైకి కనిపించేంతే. పైన 2–3 అంగుళాల పైన్ స్ట్రా (ఎండిన పైన్ చెట్టు సూదులాకులు), కాండానికి ఆనకుండా.

ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పసుపెక్కితే సున్నాన్ని అనుమానించండి. పునాది, సిమెంటు గోడ, కొత్త కాంక్రీటు బొమ్మ నుంచి అది కారుతుంది. మందులు కొనేముందు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (వ్యవసాయ సలహా కేంద్రం) మట్టి పరీక్ష చేయించండి. ఆకు మీద తెల్లటి చుక్కలు, అడుగున నల్ల మరకలు ఉంటే అది లేస్ బగ్ అనే రసం పీల్చే పురుగు. ఎండ ఎక్కువ తగిలే మొక్కకే ఎక్కువగా పడుతుంది. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్నచోటే నాటండి.

సిమెంటు నుంచి సున్నం కారుతుంది కాబట్టి, గట్టు కట్టాలంటే సిమెంటు లేకుండా పేర్చిన గ్రానైటు నయం. ఎల్బర్టన్ గ్రానైటు ఈ రాష్ట్రంలోనే దొరుకుతుంది, సున్నం బెడద లేదు. నాచు కోసం రాళ్లకి మజ్జిగ పూయమని వీడియోల్లో చెబుతారు. చాలాసార్లు దక్కేది బూజూ చీమలే; ఆ మజ్జిగ మీరు తాగండి. పెరట్లోని నాచునే పలకలుగా లేపి, తడిపిన రాయికి అదిమి, నెలా రెండు నెలలు రోజూ నీళ్లు చిలకరించండి. మెట్ల మీద మాత్రం వద్దు, జారతారు.

ముందు పెరట్లో బొమ్మలకి చాలాచోట్ల హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కావాలి. కప్పబొమ్మైనా వినాయకుడైనా వాళ్లకి ఒకటే. 4 అంగుళాల కంకర వేసి దిమ్మిస కొట్టి, దానిమీద పేవర్ (చదును పలక) పరిచి బొమ్మని నిలబెట్టండి. లేకపోతే వానలకి ఒరుగుతుంది. బొమ్మ మీద నీళ్లు నిలిచే గుంటలుంటే చలికాలం బోర్లించండి, గడ్డకట్టి పగులుతుంది.

కత్తిరింపు పూలు రాలగానే, జూన్ లోపే. దసరాకి కత్తిరిస్తే వచ్చే ఏడాది మొగ్గలే పోతాయి.

అజేలియా ఆకూ పువ్వూ విషం. పూజ పళ్లెంలో ప్రసాదం పక్కన పెట్టొద్దు. పిల్లలు నమిలితే పాయిజన్ కంట్రోల్ (విషప్రమాదాల హెల్ప్‌లైన్)కి ఫోన్ చేయండి: 1-800-222-1222.