కాశీరాజుగారి ఇంగ్లీషు నుయ్యి

ప్రశ్న: మేస్టారూ, మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటాడండి. మొన్న ఆక్స్‌ఫర్డ్‌షైర్లో స్టోక్ రో అనే పల్లెటూరెళ్ళి ఫోటో పంపాడు, చూస్తే మన వైపు మండపంలాగే ఉంది, గోపురం, ఏనుగు బొమ్మ. అడిగితే ‘మహారాజా వెల్ అంట నాన్నా’ అని ఊరుకున్నాడు. మన రాజులకి అక్కడేం పనండీ?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: నీళ్ళ పనండీ బాబూ. ఆ ఊరు చిల్టర్న్ కొండల మీద ఉంటది, కిందంతా సుద్దరాయి, ఎంత వాన పడ్డా లోపలికి దిగిపోద్ది. మనకేమో పలుగేస్తే నీళ్ళు, వానాకాలం అయితే వద్దన్నా గుమ్మంలోకొస్తాయి, అందుకని ఈ బాధ మనకి చప్పున తలకెక్కదు. వాళ్ళు గుంటల్లో నీళ్ళు తెచ్చుకునేవారు, ఎండాకాలం అవీ ఎండిపోయేవి.

ఆ పక్కూరాయన ఎడ్వర్డ్ రీడ్ అని మన దేశంలో పెద్ద దొర, 1831లో ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ దగ్గర జనానికి నుయ్యి తవ్వించాడు. కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో బాగా స్నేహం. ‘ఇంట్లో ఉన్న ఆఖరి గుక్కెడు నీళ్ళు తాగేశాడని మా వైపు ఓ తల్లి పిల్లాణ్ణి చితక్కొట్టింది’ అని రీడ్ ఓసారి మాటల్లో చెప్పాడంట, రాజుగారికి అది మనసులో ఉండిపోయి, ఏళ్ళ తర్వాత నుయ్యి తవ్వించండి డబ్బులు నేనిస్తానన్నారు. (కాశీ రైతులు కట్టిన శిస్తే కదా అంటారా, అనండి, నేనూ అదే అంటాను.)

1863 మార్చిలో మొదలెట్టారు, వెడల్పు 4 అడుగులే గానీ లోతు 368 అడుగులు! అంతా చేత్తో తవ్విందే. లండన్లో సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు కంటే ఎక్కువ. ఒక్క బకెట్టు పైకి రావాలంటే పది నిమిషాలు చక్రం తిప్పాల్సొచ్చేది, తిప్పేవాడి రెక్కలు ఏమయ్యేవో. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, ఊరికిచ్చేశారు, నీళ్ళు ఉచితం. నూతి ఖర్చులకని పక్కనే చెర్రీ తోట వేయించారు, దాని పేరు ఈశ్రీ బాగ్, అందులో చేప ఆకారంలో చెరువు కూడా ఉంది.

మనకి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది 1852లో, పన్నెండేళ్ళకి కాశీ సొమ్ముతో వాళ్ళ ఊళ్ళో నీళ్ళు పడ్డాయి.

అన్నట్టు, ఆ ఏనుగు గోపురం మీద ఉండదు, లోపల చేదే యంత్రం మీద నిలబడి ఉంటది, బంగారు రంగులో. మీవాణ్ణి దగ్గరికెళ్ళి ఇంకో ఫోటో తీయమనండి.