వాన పడితే నెట్ పోతోందా? ముందు ఎర్ర దీపం చూడండి

వాన మొదలవగానే నెట్ పోతోందని, ఎండ కాశాక దానంతటదే వస్తోందని, రూటర్ మార్చినా ఫలితం లేదని రాశారు. ఇక రూటర్ మీద డబ్బు పెట్టకండి, లోపం బయటే ఉండవచ్చు.

ఈసారి నెట్ పోగానే ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' దీపం చూడండి. ఎర్రగా వెలుగుతుంటే మీ ఇంటిదాకా సిగ్నల్ రావడం లేదని అర్థం. లోపలి గాజుతీగకు తడి వల్ల వచ్చే ఇబ్బంది పెద్దగా ఉండదు. గాలికి తీగ ఊగి వంగిపోవడం, అతుకు పెట్టెలోకి నీళ్లు దిగడం, ఇవే అసలు తంటా. మా వీధిలో ఆ అతుకును ప్లాస్టిక్ సంచిలో చుట్టి వేపకొమ్మకు కట్టి వెళ్లారు, అదీ పనితనం!

మెకానిక్ ఎండలో వచ్చి కొలిచి 'అంతా బాగానే ఉంది' అంటాడు. అందుకే వాన పడుతుండగా, నెట్ పూర్తిగా పోకముందే, ఎల్‌ఓఎస్ దీపం ఉన్న పెట్టె సెట్టింగుల పేజీలో 'ఆర్‌ఎక్స్ పవర్' (ఇంటికి చేరే సిగ్నల్ బలం) అంకె ఫొటో తీసి ఉంచుకోండి. మామూలు రోజున మైనస్ 20 దగ్గర ఉండేది వానలో మైనస్ 27 దాకా పడిపోతుంటే, స్తంభం నుంచి ఇంటిదాకా తీగ, కనెక్టర్లు మార్చమని గట్టిగా అడగండి.

ఎర్ర దీపం వెలిగినా, వెలగకపోయినా, నెట్ పోయిన సమయంలో కరెంటు కూడా పోతోందేమో గమనించండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆపరేటర్ దగ్గర బ్యాటరీ చచ్చిపోతే లాభం లేదు.