తాత పెళ్లి ఆపగలమా?

ప్రశ్న: కాలంలో వెనక్కెళ్లి తాత పెళ్లి చెడగొడితే నేను పుట్టను. పుట్టకపోతే చెడగొట్టిందెవరు? ఆపలేనంటే నా ఇష్టానికి విలువేముంది?
– ఓ పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ముందు తాతను పక్కన పెట్టండి. మనుషులొస్తే లెక్క కట్టలేం. మీ గల్లీలో ఆడే క్యారమ్స్ బోర్డు చాలు. ఒక పాకెట్‌లో పడ్డ స్ట్రైకర్, అర సెకను ముందే ఇంకో పాకెట్‌లోంచి బయటికొచ్చి, దూసుకొస్తున్న తననే గుద్ది దారి తప్పించిందనుకోండి. పడనిది బయటికెలా వచ్చింది? వర్మ్‌హోల్ (స్థలకాలాల్లో రెండు చోట్లను కలిపే ఊహా సొరంగం), బిలియర్డ్ బంతితో ఈ ముడి వేసినవాడు భౌతికశాస్త్రవేత్త జో పోల్చిన్‌స్కీ. 1991లో మరో భౌతికశాస్త్రవేత్త కిప్ థార్న్ బృందం లెక్క కట్టి విప్పింది. గట్టి గుద్దు కాదు, అంచున చిన్న రాపిడి. దాంతో బంతి కాస్త వంకరగా లోపలికి పడుతుంది. వంకరగా పడింది కాబట్టే, బయటికొచ్చి సూటిగా తగలకుండా అంచునే రాస్తుంది. లెక్క సరిపోయింది! అసలు తలనొప్పి వేరే: కొన్ని దెబ్బలకు ఇలాంటి జవాబులు లెక్కలేనన్ని. ఏది జరుగుతుందో చెప్పడానికి క్వాంటమ్‌కు ముందటి పాత భౌతికశాస్త్రం చాలదు.

ఇష్టం సంగతి తత్వవేత్త డేవిడ్ లూయిస్ 1976లో తేల్చిన తీరే నాకు నచ్చుతుంది. ఒంట్లో బలముంది, మండపం తలుపు తీసే ఉంది: ఆ లెక్కన మీరు ఆపగలరు. పెళ్లి జరిగిపోయిందన్నదీ కలిపితే ఆపలేరు. అడ్డుపడేది విధి కానక్కర్లేదు, ముహూర్తం తప్పు రాసుకున్నా చాలు.