నాన్న జబ్బు సంగతి ఇంట్లో దాచారు. నేను ప్రేమించిన అమ్మాయికి టెస్టుకు ముందే చెప్పాలా, రిజల్ట్ వచ్చాక చెప్పాలా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. మీరిద్దరు అమ్మాయిలూ కొన్నేళ్లుగా కలిసి ఉంటున్నారు, బిడ్డను కనాలనుకుంటున్నారు. ఈ మధ్యే అమ్మ నోరు విప్పారు: నాన్న పోయింది "నరాల బలహీనత"తో కాదట, హంటింగ్టన్ జబ్బుతోనట, అంటే మెదడు కణాలు మెల్లగా దెబ్బతినే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రాగల జన్యు జబ్బు. ఎవరికీ చెప్పనని మీ చేత ఒట్టు వేయించుకున్నారు. తమ్ముడికి తెలియదు, మీ పార్ట్‌నర్‌కీ తెలియదు. పైగా అమ్మ దృష్టిలో తను మీ "ఫ్రెండ్" మాత్రమే. గుట్టుగా టెస్టు చేయించుకుని, నెగటివ్ వస్తే ఈ మాట ఎత్తకుండానే వదిలేయొచ్చా అని అడిగారు.

ముందే చెప్పండి. రక్తం ఇవ్వకముందే, వీలైతే మొదటి కౌన్సెలింగ్‌కు వెళ్లకముందే.

ఇది పొద్దున రక్తం ఇచ్చి సాయంత్రం రిపోర్టు తెచ్చుకునే టెస్టు కాదు. లక్షణాలు లేనివాళ్లకు చేసే హంటింగ్టన్ పరీక్షకు అంతర్జాతీయంగా ఒక పద్ధతి ఉంది. ముందు జన్యు కౌన్సెలర్‌తో మాట్లాడాలి. న్యూరాలజిస్టు చూడాలి. మానసికంగా ఎలా ఉన్నారో అంచనా వేయాలి. అంతా విన్నాక ఆలోచించుకోవడానికి కనీసం ఒక నెల ఇచ్చి, ఆ తర్వాతే రక్తం తీస్తారు. రిజల్ట్‌ను ఎదురుగా కూర్చోబెట్టి చెబుతారు. మొదటి నుంచీ వెంట ఒక మనిషిని తెచ్చుకోమంటారు. మొత్తం అయ్యేసరికి నెలలు పడుతుంది. అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉంటూ దాచాలంటే వారానికో అబద్ధం ఆడాలి. నెగటివ్ వస్తే ఆ సంతోషాన్నీ దాచుకోవాలి. ఎప్పుడో బయటపడిన రోజున, జబ్బు భయం కన్నా "ఇంత పెద్ద విషయం ఒక్కదానివే మోశావు, మరి నేనెవర్ని నీకు?" అన్న ప్రశ్నే మీ ఇద్దరినీ ఎక్కువ కాలం పీడిస్తుంది. 

ఇంకో మాట. చెప్పడం వేరు, టెస్టు చేయించుకోవడం వేరు. మీ ప్రశ్నలో ఆ రెంటికీ ముడి పడిపోయింది. తమకు రావచ్చని తెలిసినవాళ్లలో ఎక్కువమంది అసలు టెస్టే చేయించుకోరు. జబ్బును ఆపే మందు ఇంకా లేదు కాబట్టి అది తెలివితక్కువ నిర్ణయమూ కాదు. ఈ వారం చెప్పి, టెస్టు గురించి ఐదేళ్ల తర్వాత ఆలోచించుకున్నా తప్పులేదు.

చెప్పేముందు మాత్రం, అమ్మ చెప్పినదాంట్లో ఎంత ఖాయమో తేల్చుకోండి. "ఏ జబ్బు?" అని అడిగితే ఎప్పుడో విన్న పేరు చెబుతారు. కళ్లారా చూసింది అడగండి. ఊరికే కూర్చున్నప్పుడు వేళ్లు, భుజాలు, మొహం వాటంతటవే కదిలేవా? నడక తూలుతుంటే తాగి వచ్చాడని ఎవరైనా అనుకున్నారా? ఆ కదలికలకు ముందే కోపం, దిగులు, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం వచ్చాయా? ఎన్నో ఏట ఉద్యోగం మానేశారు? చివర్లో మింగడం కష్టమైందా? మేనత్తల్లో, పెదనాన్న, బాబాయిల్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? తర్వాత కాగితాలు వెతకండి: డిశ్చార్జి సమ్మరీ, న్యూరాలజిస్టు చీటీలు, ఎమ్మారై రిపోర్టు. అన్నిటికన్నా విలువైంది జన్యు పరీక్ష రిపోర్టు. దానిలో 17, 44 ఇలా రెండు అంకెలు ఉంటాయి. ఆ జన్యువు దొరికిందే 1993లో, అంతకుముందు పోయినవాళ్లకు ఈ రిపోర్టు ఉండే అవకాశం లేదు. నాన్న రిపోర్టు లేకపోయినా మీరు టెస్టు చేయించుకోవచ్చు. కాకపోతే నాన్నకు వచ్చింది హంటింగ్టన్‌లా కనిపించే ఇంకేదైనా జబ్బయితే, మీ హంటింగ్టన్ రిపోర్టు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఆ రెండో జబ్బు భయం తీరదు. అందుకే ఆ పాత కాగితాల కోసం అమ్మ దగ్గర కాస్త పట్టుబట్టండి.

ఆ అంకెలు ఏంటంటే, నాలుగో క్రోమోజోమ్ మీదున్న జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క వరసగా ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్క. ఆ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది కాబట్టి రెండు అంకెలు, చూడాల్సింది పెద్దదాన్ని. 26 వరకు మామూలే. 27 నుంచి 35 ఉంటే ఆ మనిషికి జబ్బు రాదు, పిల్లలకు చేరేటప్పుడు సంఖ్య పెరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది. 36 నుంచి 39 మధ్య ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన ఉంటే, మామూలు ఆయుష్షు ఉన్న మనిషికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువమందిలో 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలై, అక్కడి నుంచి 15, 20 ఏళ్లు సాగుతుంది. తండ్రి నుంచి వచ్చేటప్పుడు సంఖ్య పెరగడం ఎక్కువ కాబట్టి నాన్నకన్నా చిన్న వయసులో మొదలవ్వచ్చు. ఏ ఏట మొదలవుతుందో మాత్రం టెస్టు చెప్పదు. నాన్న నుంచి ఆ పెరిగిన జన్యువు వచ్చే అవకాశం మీకు 50 శాతం, తమ్ముడికి విడిగా 50 శాతం. ఒకరికి వస్తే రెండోవాళ్లు తప్పించుకున్నట్టని చాలా ఇళ్లలో అనుకుంటారు, ఆ లెక్కకు ఆధారం లేదు. మీకు ఆ జన్యువు రాకపోతే మీ పిల్లలకు మీ నుంచి రాదు. తరం దాటి దూకే జబ్బు కాదిది.

ఇక చెప్పడం. మర్నాడు ఇద్దరికీ సెలవున్న రోజు చూసుకోండి. రాత్రి పడుకునే ముందు వద్దు, ప్రయాణంలో వద్దు, పిల్లల గురించి మాట మాట పెరిగినప్పుడు అసలే వద్దు. మొదటి నాలుగు వాక్యాల్లోనే అసలు విషయం వచ్చేయాలి: "నాన్న ఎలా పోయారో నాకు ఈ మధ్యే తెలిసింది. ఆయనకు హంటింగ్టన్ అనే జబ్బు ఉండేది. అది నాకు వచ్చే అవకాశం సగానికి సగం. నేనింకా టెస్టు చేయించుకోలేదు, చేయించుకుంటానో లేదో తెలియదు, కానీ నీకు తెలియకుండా ఒక్క రోజు కూడా ఉండాలని లేదు." ఆ తర్వాత ఆగండి. తను వెంటనే ఏమీ అనకపోవచ్చు. "నువ్వు వెళ్లిపోయినా నేనేం అనుకోను" అన్న మాట మాత్రం మీ నోటి నుంచి రానివ్వకండి. త్యాగం చేస్తున్నాననుకుని అంటారు, అవతలివాళ్లకు గెంటేసినట్టు వినిపిస్తుంది. ఆ రాత్రి తను ఫోన్‌లో వెతకడం ఖాయం. ముందుగా కనిపించేవి చివరి దశ వీడియోలే. అందుకే ముందే చెప్పి ఉంచండి, ఆ వీడియోల వెనక ఏళ్ల తరబడి పని చేసుకుంటూ గడిచిన జీవితం ఉంటుందని, అసంకల్పితంగా వచ్చే కదలికలను తగ్గించడానికి టెట్రాబెనజీన్ లాంటి మందులున్నాయని, దిగులుకు, చిరాకుకు వైద్యం బాగానే పనిచేస్తుందని.

అమ్మకు ఇచ్చిన మాట సంగతి. మీ ఒంట్లో ఉండొచ్చన్న జన్యువు గురించి చెప్పే హక్కు మీది. దానికి అమ్మ అనుమతి అక్కర్లేదు. తమ్ముడి విషయం వేరు. పార్ట్‌నర్‌కు చెప్పిన రోజే ఇంకెవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో ఇద్దరూ అనుకోండి. తమ్ముడికి ఈ కబురు మీ నోటి నుంచో అమ్మ నోటి నుంచో వెళ్లాలి, పార్ట్‌నర్ స్నేహితురాళ్ల ద్వారా తిరిగి తిరిగి చేరకూడదు. తమ్ముడికి పెళ్లి మాటలు మొదలవకముందే చెప్పడం న్యాయం.

ఇక్కడ మీలాంటి జంటలకే ఎదురయ్యే ఒక ప్రమాదం ఉంది. మీ ఇద్దరి బంధం గురించి అమ్మకు చెప్పాలని ఉంటే, ఆ మాటనూ టెస్టు మాటనూ ఒకే రోజు ఎత్తకండి. హంటింగ్టన్ చాలామందిలో ప్రవర్తన మారడంతోనే మొదలవుతుంది. అది నాన్నలో దగ్గరుండి చూసిన మనిషి, కూతురు ఒక అమ్మాయిని ప్రేమించానని చెబితే "దీనికీ మొదలైంది" అనుకునే అవకాశం నిజంగా ఉంది. ఆ ముద్ర ఒకసారి పడితే ఆ తర్వాత మీరు ఏం మాట్లాడినా జబ్బు ఖాతాలోకే వెళ్తుంది. అమ్మాయిని ప్రేమించడం ఏ జబ్బుకూ లక్షణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. ఏ డాక్టరైనా ఆ రెంటినీ కలిపి మాట్లాడితే డాక్టర్ని మార్చండి. రెండు మాటలకీ మధ్య నెలలు గడవనివ్వండి.

బిడ్డ విషయంలో మీకున్న దారులు మీరు భయపడుతున్నదానికన్నా చాలా ఎక్కువ. ఈ జన్యువు అండం ద్వారా వెళ్తుంది, గర్భం ద్వారా వెళ్లదు. మీ పార్ట్‌నర్ అండంతో, దాత వీర్యంతో పిండం తయారుచేసి మీ గర్భంలో పెడితే, మీకు జన్యువు ఉన్నా బిడ్డకు రాదు. మీరు టెస్టు చేయించుకోవాల్సిన అవసరం కూడా ఉండదు. తనే కనాలనుకుంటే ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారుచేయడం) దాకా వెళ్లకుండా, దాత వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ సరిపోవచ్చు. మీ అండమే కావాలని ఉంటే, ఐవీఎఫ్‌లో ఐదారు రోజుల పిండం నుంచి కొన్ని కణాలు తీసి పరీక్షించి, జన్యువు లేనిదాన్నే పెడతారు. మీ ఫలితం మీకు తెలియకుండానే ఇది చేసే పద్ధతి ఉంది: మీ నాన్న వైపు నుంచి వచ్చిన ఆ క్రోమోజోమ్ భాగం ఉన్న పిండాలన్నిటినీ పక్కన పెట్టేస్తారు. దానికి అమ్మ రక్తనమూనా కూడా కావాల్సి వస్తుంది, అంటే అమ్మకు చెప్పక తప్పదు. ఆరోగ్యమైన పిండాలు కూడా కొన్ని పోతాయి. గర్భం వచ్చాక 11 నుంచి 14 వారాల్లో మావి నుంచి ముక్క తీసి, లేదా 15 వారాల తర్వాత ఉమ్మనీటితో పరీక్షించే మార్గం ఉంది. అయితే పాజిటివ్ అని తెలిసీ గర్భం ఉంచుకుంటే, ఆ బిడ్డకు అడగకుండానే టెస్టు చేసినట్టవుతుంది. అందుకే ఏం చేస్తారో ముందే తేల్చుకోమంటారు.

పార్ట్‌నర్ అండమే వాడదాం అన్న మాట ఎవరు ముందు అంటారన్నది చిన్న విషయం కాదు. తను అంటే మీకు "నా రక్తం పనికిరాదా" అనిపిస్తుంది, మీరంటే తనకు బరువంతా తన మీద పెట్టినట్టు ఉంటుంది. కౌన్సెలర్ ముందు ఈ మాట రానివ్వడం మేలు. కన్న తల్లి, అండమిచ్చిన తల్లి ఇద్దరికీ చట్టంలో హక్కు ఉంటుందా, దత్తత కాగితాలు కావాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. వైద్యం మొదలుపెట్టకముందే లాయర్ని కలవండి.

టెస్టు దాకా వస్తే కొన్ని జాగ్రత్తలు. ఇంటికి తెప్పించుకునే డీఎన్‌ఏ కిట్లు సీఏజీ సంఖ్యను కొలవలేవు, వాటిలో "రిస్కు లేదు" అని కనిపించినా నమ్మొద్దు. జీవిత బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమా ఏదైనా తీసుకోవాలని ఉంటే నిబంధనలు రక్తం ఇవ్వకముందే చదవండి. వెంట తీసుకెళ్లే మనిషిగా తమ్ముణ్ని ఎంచుకోవద్దు, అతనూ అదే ప్రమాదంలో ఉన్నాడు. అక్కడికి మీ పార్ట్‌నర్ రావచ్చు. వెంట వచ్చే మనిషికి రక్తసంబంధమో పెళ్లో ఉండాలని ఆ పద్ధతిలో లేదు. రక్తం ఇచ్చాక కూడా, రిజల్ట్ గదిలో కూర్చున్నాక కూడా, "నాకు తెలుసుకోవాలని లేదు" అని లేచి రావచ్చు. మీరు నోరు తెరిచి చెప్పలేని రోజు వస్తే వైద్య నిర్ణయాలు తనే తీసుకునేలా అధికార పత్రం రాసుకోండి. రిజల్ట్ ఏదైనా అది కావాలి, లేకపోతే ఆస్పత్రిలో తను "ఫ్రెండ్"గానే మిగిలిపోతుంది.

పాజిటివ్ వస్తే జబ్బు మొదలైనట్టు కాదు. కానీ ఆ రోజు నుంచి గ్లాసు చేజారినా, పేరు మర్చిపోయినా ఇద్దరి గుండే ఝల్లుమంటుంది. ప్రేమించిన మనిషి కాపలా మనిషిగా మారడం అక్కడే మొదలవుతుంది. ఏడాదికోసారి న్యూరాలజిస్టు పరీక్ష పెట్టుకుని, మధ్యలో ఇంట్లో లక్షణాలు లెక్కపెట్టబోమని మాట అనుకున్న జంటలకు ఊపిరి ఆడుతుంది. ఒక్క మినహాయింపు ఉండాలి: విపరీతమైన దిగులు, చనిపోవాలన్న మాట వస్తే ఏడాది దాకా ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ, అది జన్యువు ఉందని తెలిసిన తొలి నెలల్లోనూ ఉంటుంది. నెగటివ్ వచ్చినవాళ్లకూ కొన్ని వారాలు కష్టంగానే గడుస్తాయి, ముఖ్యంగా తోబుట్టువు సంగతి ఇంకా తేలనప్పుడు.

మొదటి అపాయింట్‌మెంట్‌కు ఇద్దరూ కలిసి వెళ్లండి. అమ్మ చెప్పినవి, దొరికిన కాగితాలు, మూడు తరాల వంశవృక్షం ఒక తెల్లకాగితం మీద గీసినది తీసుకెళ్లండి: ఎవరు ఏ వయసులో పోయారు, ఎవరికి కదలికలు ఉండేవి. తన ప్రశ్నలు తనే రాసుకుని రమ్మనండి. ఆ రోజు రక్తం ఇవ్వాల్సిన పని లేదు, ఏ నిర్ణయమూ చెప్పాల్సిన పని లేదు.