డెస్క్‌టాప్ ఆన్ కానప్పుడు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బావగారు వాడిన డెస్క్‌టాప్ వారం నుంచి ఆన్ కావడం లేదనీ, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ భవనానికి తీసుకువెళ్దామనుకుంటున్నాననీ వ్రాశావు. బస్సులో అంత బరువు మోసుకువెళ్లే ముందు ఒక ఆదివారం దానితో ఇంట్లోనే కూర్చో. ఒక్కసారికి ఒక్క వస్తువునే మార్చి చూడు. రెండు కలిపి మారిస్తే లోపం ఎక్కడుందో నీకే తెలియదు.

"ఆన్ కావడం లేదు" అన్న మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. ఫ్యాను తిరగక, లైటు వెలగక మొత్తం నిశ్శబ్దంగా ఉంటే అది కరెంటుకు సంబంధించినది. ఫ్యాను తిరుగుతున్నా మానిటర్ మీద ఏమీ రాకపోతే చాలాసార్లు ర్యామ్ దగ్గర, అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు సమాచారాన్ని ఉంచుకునే మెమరీ పట్టీ దగ్గర, తేలుతుంది.

మొదటిదైతే గోడ నుంచి లోపలికి రా. అదే సాకెట్‌లో సెల్ ఛార్జర్ పెట్టి చూడు, యూపీఎస్‌ను పక్కన పెట్టి నేరుగా కలుపు, మానిటర్ పవర్ కేబుల్ దీనికీ సరిపోతే మార్చి చూడు. అప్పటికీ కదలకపోతే ప్లగ్ పీకేసి, ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) నుంచి మదర్‌బోర్డుకు (అన్ని భాగాలూ కూర్చునే పెద్ద బోర్డుకు) వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌ను ఊడదీసి, అందులోని ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో ఒక జెమ్ క్లిప్ వంచి కలిపి, ఆ తరువాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయి. ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్యాను తిరిగితే అది పూర్తిగా చచ్చిపోలేదని అర్థం. పూర్తిగా బాగుందని మాత్రం కాదు. ఎట్టి పరిస్థితులలోనూ ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మూత తెరవకు, ఎందుకంటే మన 230 వోల్టుల సరఫరా మీద దాని లోపల కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి, ప్లగ్ తీసేసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మలక్‌పేటలో ఒక ఇంటికి వెళ్లి, చూసీ చూడకుండానే కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కొనిపించాను. అయినా పెట్టె పలకలేదు. రెండో రోజు మదర్‌బోర్డు మీద పవర్ స్విచ్ వైర్లు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తే వెంటనే లేచింది. చెడిపోయింది ముందున్న బటన్ మాత్రమే. ఆ డబ్బు నా జేబులోంచి తిరిగి ఇచ్చాను. నువ్వు ఆ పిన్నులను ముందే చూడు. బోర్డు మీద వాటి పక్కన చిన్న అక్షరాలతో పేరు ఉంటుంది.

రెండో జబ్బుకు ముందు మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టి ఉందో, బోర్డుకు పెట్టి ఉందో చూసుకో; కార్డు ఉంటే దానికే పెట్టాలి. తరువాత ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, చేతిని కేబినెట్ ఇనుముకు ఒకసారి ఆనించి ర్యామ్ బయటికి తీయి. దాని అంచున వరుసగా ఉన్న బంగారు రంగు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు లేకుండా బ్రష్‌తో దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కు. మన రోడ్ల దుమ్ము, వానాకాలపు చెమ్మ కలిసి ఆ పట్టీల మీద కట్టే పొర ఎన్ని కంప్యూటర్లను "పాడు" చేసిందో లెక్కలేదు. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేసినప్పుడు లోపలి చిన్న స్పీకర్ బీప్ కొడితే సంతోషించు. బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నట్లు.

బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే సీఆర్ 2032 సెల్ కూడా మార్చేయి, ఖర్చు తక్కువే. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి ఉంటే మాత్రం ఆగిపో. అది సోల్డరింగ్ తెలిసినవాడి పని.

బావగారి ఫొటోల గురించి అక్కయ్య బెంగపడుతోందని వ్రాశావు. హార్డ్ డిస్క్ వేరే వస్తువు. కంప్యూటర్ లేవకపోయినంత మాత్రాన ఫొటోలు పోయినట్లు కాదు. దాన్ని విప్పి, విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్‌తో నీ ల్యాప్‌టాప్‌కు కలిపి ముందుగా కాపీ చేసుకో. ఇక ర్యామ్ మార్చాల్సి వస్తే, నా సొరుగులో డీడీఆర్ 2 రకం ర్యామ్ ఒకటి ఉంది. నీ ర్యామ్ మీద డీడీఆర్ 3 అని ఉంటే, అంచున ఉండే గాటు చోటు వేరు కాబట్టి నాది అందులో కూర్చోదు. చూసి ఫోన్ చేయి, సరిపోయేదైతే నేనే తెస్తాను.

ఇట్లు,
మీ మావయ్య