నాన్నగారి పద్యాలు ఏ డిస్కులో దాచాలి?

ప్రశ్న: మావారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, అమ్మాయి పెళ్లి వీడియో, మా నాన్నగారు పాడిన పద్యాల క్యాసెట్ నుంచి ఎక్కించిన ఎంపీ3లు, అన్నీ కలిపి 700 జీబీ దాకా పాత లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఈమధ్య అది ఆన్ కావడానికే పావుగంట పడుతోంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొందామని షాపుకి వెళ్తే ఎస్ఎస్‌డీ తీసుకోమన్నారు. ఆన్‌లైన్‌లో 16 టీబీ డ్రైవ్ రెండు వేలకే కనిపిస్తోంది. ఏ కంపెనీది నమ్మకంగా ఉంటుంది? అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. ఇక్కడ మాకు చెప్పేవాళ్లు లేరు.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, డ్రైవ్ సంగతి తర్వాత. ముందు నాన్నగారి పద్యాలు బయటికి తీయండి. పావుగంట పడుతోందంటే లాప్‌టాప్‌లోని డిస్కే పాడవుతూ ఉండొచ్చు. 60 నిమిషాల క్యాసెట్ ఎంపీ3గా మారితే మామూలుగా 60 ఎంబీ అటూ ఇటూ. పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకి సరిపోతుంది. గూగుల్ అకౌంట్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో వేసి అబ్బాయికీ పంపండి. పెళ్లి వీడియో ఇంకెవరి దగ్గరైనా దొరకొచ్చు, ఆ గొంతు దొరకదు. అది అయ్యాక లాప్‌టాప్ ఆపేసి, కొత్త డ్రైవ్ వచ్చాకే తెరవండి. టిక్, టిక్ అని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే మాత్రం అసలు ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవాళ్లకి చూపించండి.

ఇక ఆ 16 టీబీ డ్రైవ్ జోలికి వెళ్లకండి. విశాఖ డాబాగార్డెన్స్‌లో 18 ఏళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. అలాంటిది ఒకటి నా బల్ల మీదే విప్పాను. డబ్బా లోపల గమ్‌తో అంటించిన చిన్న మెమరీ కార్డు ఉంది, బరువు కోసం ఒక ఇనుప ముక్క ఉంది. కంప్యూటర్‌కి 16 టీబీ అని చూపించేలా దాన్ని మార్చి పెడతారు. అసలు జాగా నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి. పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి, ఏదీ తెరుచుకోదు. తెచ్చినాయన ఇంట్లో మనవరాలి బారసాల ఫొటోలు అలాగే పోయాయి.

కంపెనీ గురించి అడిగారు. ఈ రోజు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసేవి మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. పైన ఏ పేరు ఉన్నా లోపల ఈ మూడింట్లో ఒకరిదే ఉంటుంది. ముగ్గురివీ పదేళ్లు నడిచినవి చూశాను, ముగ్గురివీ మూడు నెలల్లో పోయినవీ చూశాను. వారంటీలో కొత్త డిస్క్ ఇస్తారు, మీ ఫొటోలు ఇవ్వరు. అందుకే 2 టీబీవి రెండు కొనండి, రెండూ వేరువేరు కంపెనీలవి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది కాబట్టి మీకు అది త్వరలోనే ఇరుకైపోతుంది.

ఎస్ఎస్‌డీ మంచిదే. డేటాని చిప్పుల్లో దాస్తుంది, లోపల తిరిగే భాగాలు ఉండవు కాబట్టి చేయి జారినా తట్టుకుంటుంది, కాపీ కూడా చకచకా అవుతుంది. రోజూ బ్యాగులో తిప్పేవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ మీరు బీరువాలో పెట్టి దాచుకునేవారు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఎస్ఎస్‌డీలో ఉన్నది చెరిగిపోయే ప్రమాదం ఉంది. పైగా అదే డబ్బుకి హార్డ్ డిస్క్‌లో ఎక్కువ జాగా వస్తుంది.

హార్డ్ డిస్క్‌కి శత్రువు దెబ్బ. ఒక ఫొటోగ్రాఫర్ కాలికి వైరు తగిలి, తిరుగుతున్న డిస్క్ బల్ల మీంచి నేల మీద పడింది. ఇక లాభం లేదని తేలాక మూత తీసి చూశాం. అద్దంలా మెరిసే పళ్లెం మీద గుండ్రంగా ఒక్కటే సన్నటి గీత. ఆ పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఆయన ఆ గీతని వేలితో తడిమి, ఇందులో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి అన్నారు. కాపీ అవుతున్నంతసేపూ డిస్క్‌ని గట్టి బల్ల మధ్యలో పెట్టండి, ఎజెక్ట్ కొట్టాకే వైరు లాగండి.

కొన్న రోజే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్స్, పెండింగ్ సెక్టర్స్ అనే రెండు వరసలు డిస్క్ మీద పాడైన, అనుమానంగా ఉన్న చోట్ల లెక్క. వాటి చివర రా వాల్యూస్ అనే గడిలో అన్నీ సున్నాలే ఉండాలి. లేకపోతే అదే రోజు మార్చుకోండి. కాపీ అయ్యాక నాలుగైదు వీడియోలు చివరిదాకా నడిపి చూడండి. అప్పటిదాకా లాప్‌టాప్‌లోవి చెరపొద్దు.

రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉంచకండి. ఈ మాట నేను నష్టపోయి చెబుతున్నది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి కిటికీ అద్దాలు ఎగిరిపోయాయి. కంప్యూటరూ, దాని పక్కనే బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద గంటల తరబడి వానలో నానాయి. కాపీ ఉందన్న ధీమాతో ఉన్నవాణ్ని. మా అబ్బాయి మొదటి ఆరేళ్ల ఫొటోల్లో ఈ రోజు మా దగ్గర ఉన్నవి, అంతకుముందు రాజమండ్రిలో మా చెల్లెలు కాపీ చేసుకున్న నలభై మాత్రమే.

కాబట్టి ఒక డిస్క్ మీ బీరువాలో, కిటికీకి దూరంగా, జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. మన ఊరి ఉప్పుగాలికి వైరు పిన్నులు తుప్పు పడతాయి. రెండోది హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉండనివ్వండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని తెమ్మనండి. ఆ ఏడాది కొత్త ఫొటోలు రెండింట్లోనూ ఎక్కించి, పాతవి కొన్ని తెరిచి చూసి, వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ మీ దగ్గర ఉన్నదాన్ని అతని బ్యాగులో పెట్టండి, అతను తెచ్చింది మీ బీరువాలోకి వెళ్తుంది.